కడుపునొప్పికి కారణం తేలడం లేదా? జవాబు వెతకడానికి సమగ్ర మార్గదర్శి

కడుపునొప్పి మూడు నెలలు దాటిందంటే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక నొప్పిగా లెక్కేస్తారు. ఆపాటికి చాలామంది ఇద్దరు ముగ్గురు డాక్టర్లకు చూపించుకునే ఉంటారు. స్కానింగ్ అయిపోయి ఉంటుంది, ఎండోస్కోపీ అయిపోయి ఉంటుంది, గ్యాస్ మాత్రలు నెలల తరబడి మింగి ఉంటారు. చేతిలో మందపాటి ఫైలు, అందులో ఏ కాగితం చూసినా "నార్మల్". నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. చివరికి ఇంట్లోవాళ్ళు కూడా "అన్నీ బాగానే ఉన్నాయన్నారు కదా" అనడం మొదలుపెడతారు. ఆ మాట ఒక్కోసారి నొప్పికంటే ఎక్కువ బాధిస్తుంది.

ఇక్కడిదాకా వచ్చినవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ముందు ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి: ఏ పరీక్షైనా తనను అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. అల్ట్రాసౌండ్ పిత్తాశయంలో రాళ్ళను బాగా పట్టుకుంటుంది, కిడ్నీ వాపును చూపిస్తుంది. గాలితో నిండిన పేగు లోపల ఏముందో దానికి సరిగ్గా కనబడదు. ఎండోస్కోపీ అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం లోపలి పొరను చూస్తుంది. క్లోమం దానికి కనబడదు, చిన్నపేగులో మిగిలిన మీటర్ల పొడవూ కనబడదు. సీటీ స్కాన్ అవయవాల ఆకారం చెబుతుంది. పేగు ఎలా కదులుతోందో, నరాలు ఎంత సున్నితంగా ఉన్నాయో చెప్పలేదు. కాబట్టి "నార్మల్" అంటే ఆ పరీక్ష వెతికింది అక్కడ లేదని, అంతే. మీకు నొప్పి లేదని కాదు. ఇకమీదట పని, ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న ఏదో కనిపెట్టడం.

ముందుగా: ఆలస్యం చేయకూడనివి

నొప్పి ఉన్నట్టుండి భరించలేనంతగా వచ్చినా, కడుపు చెక్కలా గట్టిపడినా, వాంతులవుతూ గ్యాస్ గానీ మలం గానీ అసలు బయటికి పోకపోయినా, రక్తం కక్కుకున్నా, మలం తారులా నల్లగా జిగటగా వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్ళండి. నెలసరి తప్పిన స్త్రీకి పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి వస్తే, గర్భాశయం బయట గర్భం నిలిచిందేమో ఆ రోజే తేల్చుకోవాలి. వృషణంలో హఠాత్తుగా మొదలై పొత్తికడుపుకు పాకే నొప్పి విషయంలో గంటలు కూడా లెక్కే. పైకడుపు నొప్పితో పాటు చెమటలు, ఆయాసం ఉంటే ముందు గుండెను చూడాలి.

కొన్ని ఇంత తొందర పెట్టవు గానీ వారాల తరబడి వాయిదా వేయదగినవి కావు. ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఒంటి బరువులో 5 శాతానికి పైగా తగ్గడం, విడవని జ్వరం, రక్తహీనత, మలంలో రక్తం, కామెర్లు, మింగడం కష్టమవడం, నిద్రలోంచి లేపేసే నొప్పి, చేతికి గడ్డలా తగలడం, 50 ఏళ్ళు దాటాక మొదటిసారి మొదలైన నొప్పి, దగ్గరి రక్తసంబంధీకుల్లో పెద్దపేగు క్యాన్సర్ లేదా పేగుల వాపు జబ్బు ఉండటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా "గ్యాస్" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. డాక్టరు గదిలోకి వెళ్ళగానే మొదట చెప్పాల్సింది అదే. అన్నట్టు, ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళకు కూడా మలం నల్లగా వస్తుంది. అది జిగటగా ఉండదు. అయినా అనుమానముంటే అడగండి.

మొదటి అడుగు: నొప్పిని కాగితం మీద పెట్టండి

ఈ గైడులో ఒక్క పని మాత్రమే చేయగలిగితే ఇదే చేయండి. కడుపునొప్పి విషయంలో చాలాసార్లు యంత్రాలకంటే ముందు రోగి మాటలే దారి చూపిస్తాయి. అయితే డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడు "ఎప్పుడూ నొప్పే అండీ, ఏం తిన్నా నొప్పే" అని వచ్చేస్తుంది. అందులో పట్టుకోడానికి ఏమీ ఉండదు.

రెండు నుంచి నాలుగు వారాల పాటు, నొప్పి వచ్చిన ప్రతిసారీ అప్పటికప్పుడే రాయండి. రాత్రికి గుర్తుచేసుకుని రాస్తే సగం మారిపోతుంది. ఉదాహరణకు ఒకరి పుస్తకంలో ఇలా ఉందనుకోండి:

"మంగళవారం. రాత్రి 8:30కి భోజనం, నూనె ఎక్కువ. 9:15కి కుడివైపు పక్కటెముకల కింద మొదలైంది. వీపులోకి, కుడి భుజం దాకా లాగింది. పదికి ఏడు. అటూ ఇటూ తిరిగినా, పడుకున్నా తేడా లేదు. రెండు గంటలు ఉండి తగ్గింది. ఒక వాంతి."

ఇంకొకరి పుస్తకంలో:

"బుధవారం. లేవగానే బొడ్డు కింద మెలిపెట్టింది. పదికి ఐదు. విరేచనం అయ్యాక సగం తగ్గింది. మలం పలచగా, ముక్కలుగా. పొద్దున ఆఫీసుకెళ్ళే లోపు మూడుసార్లు. రాత్రి నిద్రలో నొప్పి లేదు."

ఇద్దరూ డాక్టరుతో "తిన్నాక కడుపునొప్పి" అనే చెప్పి ఉండొచ్చు. కానీ మొదటి పేజీ చూస్తే పిత్తాశయం గుర్తొస్తుంది, రెండోది చూస్తే పెద్దపేగు పనితీరు. రెండింటికీ చేయాల్సిన పరీక్షలే వేరు.

చోటు రాసేటప్పుడు ఒక చిన్న పని చేయండి. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించగలరా, అరచేయి మొత్తం పెట్టాల్సి వస్తోందా? ఈ తేడా చాలా విలువైనది. ఎందుకో మూడో అడుగులో చెబుతాను. తర్వాత నొప్పి తీరు: మెలిపెట్టడం, పొడవడం, మండటం, పట్టేసినట్టుండటం, ఏది నిజమైతే అది. తిన్న ఎంతసేపటికి వచ్చింది, ఎంతసేపుంది, మలవిసర్జనతో తగ్గిందా పెరిగిందా, ముందుకు వంగితే హాయిగా ఉందా, నెలసరిలో అది ఎన్నో రోజు, ముందురోజు నిద్ర ఎలా పట్టింది. మలం గురించి రాయడానికి మొహమాటపడకండి. బ్రిస్టల్ స్కేలు అని ఏడు రకాల బొమ్మలతో ఒక పట్టిక ఉంది. ఒకటి అంటే గట్టి ఉండలు, ఏడు అంటే నీళ్ళు. అంకె వేస్తే చాలు, డాక్టరుకు అర్థమైపోతుంది.

రెండో అడుగు: ఒకే పేజీలో మీ కథ

మందపాటి ఫైలు చదివే తీరిక ఏ డాక్టరుకూ ఉండదు. అందుకని ఒక పేజీలో తేదీల వరసన రాసుకోండి. నొప్పి ఎప్పుడు, దేని తర్వాత మొదలైంది? తీవ్రమైన విరేచనాల జబ్బు తర్వాతా, ఆపరేషన్ తర్వాతా, కాన్పు తర్వాతా, కొత్త మందు మొదలయ్యాకా? పేగుల ఇన్ఫెక్షన్ తగ్గిపోయాక కూడా పేగు నెలల తరబడి సున్నితంగా ఉండిపోవడం బాగా తెలిసిన విషయమే. పాత ఆపరేషన్ల వల్ల లోపల పేగులు అతుక్కుని నొప్పి రావచ్చు.

చేసిన పరీక్షలన్నీ తేదీ, ఫలితంతో రాయండి. పక్కన ఇంకో గడి గీసి, "ఆ రోజు నొప్పి ఉందా?" అని నింపండి. కొన్ని జబ్బులు నొప్పి ఉన్న గంటల్లోనే రక్తంలో, మూత్రంలో దొరుకుతాయి. నొప్పి లేని రోజున చేసిన పరీక్ష నార్మల్ అని వస్తే దానికి అంత బరువు ఇవ్వలేం.

మందుల జాబితాలో ఏదీ వదలొద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు జీర్ణాశయంలోనూ పేగుల్లోనూ పుండ్లు చేస్తాయి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కొందరికి కడుపునొప్పి, విరేచనాలు తెస్తుంది. ఐరన్ మాత్రలు మలబద్ధకం తెస్తాయి. మూలికా మందులూ రాయండి. కొన్నింట్లో సీసం ఉన్నట్టు బయటపడిన సందర్భాలున్నాయి. సీసం ఒంట్లో చేరితే మెలిపెట్టే కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత వస్తాయి. రక్తంలో సీసం ఎంతుందో చూడమని అడిగితేనే అది బయటపడుతుంది, మామూలు స్కానుల్లో తెలియదు.

మూడో అడుగు: నొప్పి లోపలుందా, కడుపు గోడలోనా?

డబ్బు ఖర్చు లేని, నిమిషం కూడా పట్టని ఈ పరీక్షను ఎందుకో చాలాచోట్ల చేయరు. అమెరికన్ సర్జన్ జాన్ కార్నెట్ 1926లోనే దీన్ని వివరించారు. వెల్లకిలా పడుకుని, బాగా నొప్పి పుట్టే చోట వేలు పెట్టి నొక్కాలి. వేలు తీయకుండానే తల, భుజాలు పైకి లేపాలి, లేదా మోకాళ్ళు వంచకుండా రెండు కాళ్ళూ లేపాలి. అప్పుడు పొట్ట కండరాలు బిగుసుకుని లోపలి అవయవాలకు అడ్డుగోడ అవుతాయి. నొప్పి లోపలిదైతే తగ్గుతుంది. పెరిగినా, అలాగే ఉన్నా నొప్పి కడుపు గోడలోనే ఉండే అవకాశం ఎక్కువ.

పొట్ట కండరంలోంచి చర్మం వైపు వచ్చే సన్నని నరం ఒకటి దారిలో ఇరుక్కుపోవడం దీనికి తరచుగా కనిపించే కారణం. ఒక్క వేలితో చూపించగలిగే నొప్పి అందుకే ముఖ్యం. ఆ చోట చర్మాన్ని చిటికెతో పట్టుకుంటే మంట పుట్టవచ్చు. అటు తిరిగి ఇటు తిరిగి పడుకున్నప్పుడు, దగ్గినప్పుడు ఎక్కువవుతుంది, తిండికీ మలానికీ ఏ సంబంధమూ ఉండదు. ఆ బిందువులో మత్తు ఇంజెక్షన్ ఇస్తే నిమిషాల్లో నొప్పి పోతుంది. జబ్బు రుజువూ అదే, వైద్యంలో మొదటి మెట్టూ అదే. మీరు ఇంట్లో చేసుకున్నది డాక్టరు చేత మళ్ళీ చేయించండి. "కార్నెట్ పరీక్ష చేసి చూస్తారా?" అని అడగడంలో తప్పేమీ లేదు. హెర్నియా ఉంటే కూడా ఇలాగే నొప్పి రావచ్చు. అనుమానముంటే నిలబెట్టి, ముక్కించి అల్ట్రాసౌండ్ తీయాలి. పడుకోబెట్టి తీస్తే చిన్న హెర్నియా దాక్కుంటుంది. వెన్నెముక నుంచి వచ్చే నరం నొక్కుకున్నా నొప్పి కడుపు మీద బెల్టులా తిరుగుతుంది.

నాలుగో అడుగు: ప్రాథమిక పరీక్షలు, వాటిని పాడుచేసే పొరపాట్లు

రక్తకణాల లెక్క, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే పెరిగేది), కాలేయం, కిడ్నీ పరీక్షలు, లైపేజ్ (క్లోమం వాపును చూపేది), షుగరు, కాల్షియం, థైరాయిడ్, మూత్రం ఇవి మామూలుగా అందరికీ చేస్తారు. కాల్షియం మాత్రం చాలాసార్లు తప్పిపోతుంది. అది ఎక్కువైతే కడుపునొప్పి, మలబద్ధకం రెండూ వస్తాయి.

వీటికి తోడు మూడు పరీక్షల గురించి అడగండి. ఒకటి, మలంలో కాల్‌ప్రొటెక్టిన్. పేగు నిజంగా వాచిందా, లేక వాపు లేకుండానే బాధపెడుతోందా అన్నది ఇది వేరుచేస్తుంది. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే క్రోన్స్ లాంటి పేగు వాపు జబ్బుకు అవకాశం బాగా తక్కువ. నొప్పి మాత్రలు వేసుకుంటూ ఉంటే ఈ అంకె ఊరికే పెరుగుతుంది. రెండోది, గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక వచ్చే సీలియాక్ జబ్బుకు టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష, దానితో పాటే మొత్తం ఐజీఏ. ఈ పరీక్షకు ముందు గోధుమ మానేస్తే ఫలితం తప్పుగా నార్మల్ వచ్చేస్తుంది. "గ్లూటెన్ మానేసి చూద్దాం" అనుకుంటున్నవాళ్ళు ముందు ఈ రక్తపరీక్ష చేయించుకుని ఆ తర్వాతే మానండి. మూడోది, జీర్ణాశయంలో పుండ్లు చేసే హెలికోబ్యాక్టర్ పైలోరి అనే క్రిమికి పరీక్ష. శ్వాస పరీక్షకు గానీ మల పరీక్షకు గానీ రెండు వారాల ముందు ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ లాంటి ఆమ్లం తగ్గించే మాత్రలు ఆపాలి, యాంటీబయాటిక్స్ ఆపి నాలుగు వారాలు కావాలి. ఆపడం డాక్టరును అడిగే చేయండి.

పైలోరి పేరెత్తితే ఒక మాట చెప్పాలి. చాలాకాలం జీర్ణాశయ పుండ్లకు టెన్షన్, ఆమ్లమే కారణమని నమ్మారు. బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ ఆ క్రిమిని వెలుగులోకి తెచ్చాక ఆ నమ్మకం కూలిపోయింది, 2005లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది. పరీక్షలు పూర్తవకముందే "ఇదంతా మీ మనసులోనే" అనేవాళ్ళకు ఈ చరిత్ర గుర్తుండాలని నా కోరిక.

ఐదో అడుగు: స్కానులు, గొట్టాలు

ప్రతి పెద్ద పరీక్షకు ముందు డాక్టరును మూడు మాటలు అడగండి: ఇది దేన్ని వెతుకుతోంది? దొరికితే నా వైద్యం ఏం మారుతుంది? దొరక్కపోతే తర్వాత ఏం చేద్దాం? మూడింటికీ జవాబు లేని పరీక్షను కాస్త ఆపవచ్చు. ఒకే సీటీని ఏటా తిప్పి తిప్పి తీయించుకోవడం వల్ల రేడియేషన్ చేరడమే తప్ప కొత్త సంగతి తెలియడం అరుదు. ఒక్క కడుపు సీటీలో పడే రేడియేషన్ ఒక ఛాతీ ఎక్స్‌రేకు వంద రెట్ల వరకూ, ఒక్కోసారి అంతకు మించీ ఉంటుంది.

ప్రశ్నను బట్టి పరీక్ష మారాలి. చిన్నపేగు చూడాలంటే ఎంఆర్ ఎంటెరోగ్రఫీ (పేగుకు తీసే ఎంఆర్ఐ) లేదా క్యాప్సూల్ ఎండోస్కోపీ (మాత్రలా మింగే చిన్న కెమెరా). పేగు ఎక్కడైనా ఇరుకైందన్న అనుమానముంటే మాత్రం క్యాప్సూల్ ఇరుక్కుపోయే ప్రమాదముంది, ముందుగా తేల్చుకోవాలి. పిత్తనాళంలో రాయి అనుమానమైతే అల్ట్రాసౌండ్‌తో ఆగకుండా ఎంఆర్‌సీపీ, అంటే పిత్తనాళాలను చూపే ఎంఆర్ఐ. పాలు పడవేమో అనుకుంటే హైడ్రోజన్ శ్వాస పరీక్ష.

స్కానులో అనుకోకుండా కనబడినదంతా మీ నొప్పికి కారణం కాదు. పిత్తాశయంలో రాళ్ళు ఉన్నా ఏ బాధా లేని మనుషులు ఎంతోమంది. మీ పుస్తకంలో రాసిన నొప్పి తీరు ఆ రాళ్ళతో కలవకపోతే, పిత్తాశయం తీయించుకున్నాక కూడా అదే నొప్పి కొనసాగవచ్చు. కత్తి పడే ముందు రెండో అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు.

ఆరో అడుగు: తరచుగా తప్పిపోయేవి

ఇక్కడే కాస్త ఆగి, మీ పుస్తకం పక్కన పెట్టుకుని చదవండి.

నెలసరితో పాటు నొప్పి పెరుగుతోందా? ఎండోమెట్రియోసిస్ గురించి అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు పుట్టే వయసు స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి ఇది ఉంది. అయినా బయటపడటానికి ఏళ్ళు పడుతోంది. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట, పేగుల మీద, మూత్రాశయం మీద పెరుగుతుంది. నెలసరి రోజుల్లో మలవిసర్జన నొప్పిగా ఉండటం, కలయికలో లోతుగా నొప్పి రావడం దీని గుర్తులు. చెప్పడానికి సిగ్గుగా అనిపించినా చెప్పండి. మామూలు అల్ట్రాసౌండ్ నార్మల్ అయినంత మాత్రాన ఇది లేదని కాదు. అనుభవమున్న చేతుల్లో ప్రత్యేకంగా తీసే స్కాన్, ఎంఆర్ఐ, అవసరమైతే ల్యాపరోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూడటం) కావాలి. "ఆడవాళ్ళకు నెలసరి నొప్పి మామూలే" అన్న మాట ఎంతమంది ఏళ్ళను తినేసిందో తలచుకుంటే బాధేస్తుంది.

తిన్న అరగంటలోపే నొప్పి వస్తోందా, తినాలంటేనే భయమేసి బరువు తగ్గుతోందా? వయసు మళ్ళినవాళ్ళలో, పొగ తాగేవాళ్ళలో పేగులకు రక్తం తెచ్చే ధమనులు సన్నబడ్డాయేమో చూడాలి. దానికి సీటీ యాంజియోగ్రఫీ అవసరం. పైకడుపు నొప్పి వీపులోకి దూసుకుపోయి, ముందుకు వంగితే తగ్గుతుంటే, మలం జిడ్డుగా తేలుతుంటే క్లోమం గుర్తుకు రావాలి.

నొప్పి దాడుల్లా వచ్చి, మధ్యలో మనిషి పూర్తిగా బాగుంటున్నాడా? అప్పుడు జాబితా మారిపోతుంది. దాడితో పాటు జ్వరం వచ్చి ఒకటి నుంచి మూడు రోజుల్లో దానంతటదే తగ్గి, ఇలాగే మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఫెమిలియల్ మెడిటరేనియన్ ఫీవర్ అనే వంశపారంపర్య జబ్బు కావచ్చు. పెదవులు, కళ్ళు, చేతులు దురద లేకుండా వాచే చరిత్ర ఉంటే రక్తంలో సీ4 అనే ప్రొటీన్ చూడమనండి. హెరిడిటరీ ఆంజియోఎడిమా అనే వంశపారంపర్య వాపు జబ్బులో అది తగ్గుతుంది. భయంకరమైన నొప్పి ఉన్నా కడుపు నొక్కితే మెత్తగానే ఉండి, తోడుగా చేతులూ కాళ్ళూ బలహీనపడటం, మనసు గందరగోళం, మూత్రం ముదురు ఎరుపుగా మారడం ఉంటే పోర్ఫిరియా (రక్తంలోని ఎర్ర పదార్థం తయారీలో లోపంతో వచ్చే జబ్బు) కోసం చూడాలి. దీనికి మూత్రంలో పోర్ఫోబైలినోజెన్ పరీక్ష చేస్తారు, అదీ దాడి జరుగుతున్నప్పుడే, నమూనాకు వెలుతురు తగలకుండా కప్పి. ఇవి అరుదైనవే. కానీ అడిగితేనే దొరికే జబ్బులు ఇవి.

ఏడో అడుగు: ఐబీఎస్ అన్నారా? అది "ఏమీ లేదు" అనడం కాదు

ఐబీఎస్ అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పేగు పనితీరులో తేడా వల్ల వచ్చే జబ్బు. ఇలాంటి జబ్బులను గుర్తించడానికి నిపుణులు పెట్టుకున్న 2016 నాటి రోమ్ 4 ప్రమాణాల ప్రకారం ఐబీఎస్ అనాలంటే గత మూడు నెలల్లో సగటున వారానికి కనీసం ఒకరోజు నొప్పి ఉండాలి. మలవిసర్జనతో ముడిపడటం, ఎన్నిసార్లు వెళ్తారన్నది మారడం, మలం రూపం మారడం, ఈ మూడింటిలో రెండు ఉండాలి. మొదలై ఆరు నెలలు దాటి ఉండాలి. మీది ఇందులో ఇమడకపోతే ఆ మాట డాక్టరుతో అనండి.

ఇమిడితే, దాన్ని రోగనిర్ధారణగానే తీసుకోండి. పేగుకూ మెదడుకూ మధ్య నడిచే నరాల సందేశాలు పెద్దవై, మామూలు కదలికను కూడా నొప్పిగా చేరవేస్తాయి. నొప్పి కల్పితం కాదు. దీనికి వైద్యముంది. ఫాడ్‌మ్యాప్ (పేగులో సరిగ్గా ఇంకకుండా పులిసే కొన్ని పిండిపదార్థాలు) తగ్గించే ఆహారం కొందరికి బాగా పనిచేస్తుంది. రెండు నుంచి ఆరు వారాలు మాత్రమే మాని, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తెచ్చుకోవాలి, డైటీషియన్ తోడుంటే మంచిది. పెప్పర్‌మింట్ ఆయిల్ క్యాప్సూళ్ళు, కరిగే పీచు, పేగుల కోసం ప్రత్యేకించిన హిప్నోథెరపీ, సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల వైద్యం) ఇవన్నీ ఉపయోగపడతాయి. రాత్రిపూట చిన్న మోతాదులో అమిట్రిప్టిలిన్, 10 నుంచి 30 మిల్లీగ్రాములు, ఐబీఎస్ లక్షణాలు తగ్గిస్తుందని 2023లో వచ్చిన పెద్ద బ్రిటిష్ ట్రయల్ చూపింది. డిప్రెషన్ మందు రాశారని చిన్నబుచ్చుకోవద్దు. ఈ మోతాదులో అది నొప్పి నరాల కోసమే.

ఎనిమిదో అడుగు: డాక్టరు గదిలో

మొదటి రెండు నిమిషాల్లో మూడు వాక్యాలు చెప్పండి: నొప్పి ఎక్కడ, ఎప్పుడు వస్తుంది, దానివల్ల ఏ పని చేయలేకపోతున్నారు, మీకున్న భయం ఏమిటి. "క్యాన్సరేమోనని భయంగా ఉంది" అని పైకి అంటే, డాక్టరు దాన్ని నేరుగా తీసుకుని జవాబు చెప్పగలుగుతారు. తర్వాత ఆ ఒక పేజీ చేతిలో పెట్టండి. వెంట ఒకరిని తీసుకెళ్తే విన్నది గుర్తుంటుంది, మీ బాధను కళ్ళారా చూసినవాళ్ళు రెండు మాటలు చెబుతారు.

వీలైతే ఒకే డాక్టరు దగ్గర ఫైలు నడవనివ్వండి. నెలకో కొత్త చోటికి వెళ్తే ప్రతిచోటా మొదటి పరీక్షలే మళ్ళీ జరుగుతాయి, ఐదో ప్రశ్న దాకా ఎవరూ చేరరు. రెండో అభిప్రాయం అవసరమే. కానీ పాత రిపోర్టులు, సీడీలు, బయాప్సీ స్లైడ్లు పట్టుకుని, "ఇంతవరకూ ఇవి చూశారు, ఇంకా ఏం చూడలేదు?" అన్న ప్రశ్నతో వెళ్ళండి.

వెతుకుతున్నంతకాలం నొప్పిని భరిస్తూ కూర్చోనక్కర్లేదు. కారణం తేలకముందే నొప్పికి వైద్యం మొదలుపెట్టమని అడగండి. ట్రామడాల్, మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్ మందులు మాత్రం ఈ నొప్పికి మంచివి కావు. పేగు కదలిక మందగిస్తుంది, దీర్ఘకాలం వాడితే కొందరిలో నొప్పే పెరుగుతుంది. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోండి. నిరాశ మరీ ముంచేస్తుంటే, బతకాలని లేదనిపిస్తే, ఆ మాట కూడా అదే రోజు డాక్టరుకూ ఇంట్లోవాళ్ళకూ చెప్పండి.

ఫైలు మళ్ళీ ఎప్పుడు తెరవాలి?

ఏ పేరూ ఖాయం కాకుండానే పరీక్షలు ఒకచోట ఆగిపోవచ్చు. అప్పుడు "మళ్ళీ ఎప్పుడు చూద్దాం, ఏం మారితే ముందే రావాలి?" అని అడిగి తేదీ రాయించుకోండి. నొప్పి చోటు మారినా, తీరు మారినా, నిద్రలోంచి లేపడం మొదలైనా, రక్తం కనబడినా, ఆ తేదీ కోసం ఆగొద్దు. నెలకోసారి ఒకే త్రాసు మీద బరువు చూసి, పుస్తకం చివరి పేజీలో తేదీతో సహా రాయండి. డాక్టరు గదిలోకి వెళ్ళినప్పుడు ఆ పేజీ కూడా తెరిచి చూపించండి.